ఫ్లాటు బేరం యజమానితోనే... కాగితాలు చూశాకే!

పిల్లల చదువుల కోసమో, ముసలితనంలో ఆసుపత్రికి దగ్గరగా ఉండాలనో పల్లె రైతులు పట్నంలో ఫ్లాటు కొనడం మామూలైంది. ఎకరమో, అరెకరమో అమ్మగా వచ్చిన సొమ్మే దానికి ఆధారం. ఆ సొమ్ము చేయి దాటితే పొలమూ ఉండదు, ఇల్లూ ఉండదు. అందుకే ఆచితూచి అడుగేయాలి.

పట్నంలో ఇల్లు కావాలనగానే ముందు ఎదురయ్యేది దళారి. కొనేవారి దగ్గర, అమ్మేవారి దగ్గర రెండు వైపులా కమీషను పుచ్చుకోవడం పరిపాటి. నూటికి రూపాయి చొప్పున చూసినా 30 లక్షల ఫ్లాటుకు 30 వేలు సమర్పించుకోవాలి. యజమాని అడిగిన ధర ఎంతో, దళారి దానిపై ఎంత కలిపాడో కొనేవారికి తెలియకపోవడం మరో చిక్కు. ఈ బాధ పడలేక నేరుగా యజమానినే కలిసి బేరం కుదుర్చుకునేవారు ఉన్నారు. మంచిదే. ఇంతకీ అసలు యజమాని ఎవరు?

ఎవరిని అడగాలి?

ఫ్లాటులో కాపురం ఉండేది అద్దెదారు కావచ్చు. తాళంచెవి ఏ బావమరిది దగ్గరో ఉండొచ్చు. వాచ్‌మన్‌నో, అపార్టుమెంటు సంఘం కార్యదర్శినో అడిగితే యజమాని పేరు, ఊరు తెలుస్తాయి. ఇంటిపన్ను రసీదు మీదా పేరు ఉంటుంది. అయితే పన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావని గుర్తుంచుకోవాలి. ఫ్లాటు వివరాలు చెప్పి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనో, మీసేవలోనో ఈసీ తీసుకోవాలి. ఎవరు ఎవరికి ఎప్పుడు అమ్మారో, రిజిస్టరయిన తనఖాలు ఏమున్నాయో అందులో తేలుతుంది.

యజమానిని కలిసేటప్పుడు లావాదేవీలు తెలిసిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లడం మేలు. అమ్మే ఉద్దేశం లేదంటే ఒత్తిడి చేయక, ఎప్పుడైనా అమ్మదలిస్తే కబురు చేయమని పేరు, ఫోను నంబరు రాసిచ్చి రావాలి. అమ్ముతానంటే బేరానికి ముందే కాగితాలు చూపించమనాలి.

ఏమేం చూడాలి?

దస్తావేజు అసలుదే చూడాలి. జిరాక్సు మాత్రమే చూపిస్తుంటే అసలుది బ్యాంకులో తాకట్టులో ఉందేమో ఆరా తీయాలి. పాత లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను కూడా అడగాలి. ఫ్లాటుతోపాటు స్థలంలో ఎన్ని గజాల వాటా వస్తుందో దస్తావేజులో రాసి ఉండాలి. రేపు కట్టడం పాతబడి కూల్చవలసివస్తే మిగిలేది ఆ వాటాయే.

యజమాని చనిపోయి ఉంటే వారసులందరూ సంతకం చేయాలి. కొడుకులు చేశారు గదా అని ఊరుకోరాదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కూడా సమాన హక్కు ఉందని 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ చెబుతోంది. పెళ్లయి వెళ్లిన కూతురు తర్వాత కోర్టుకెక్కితే నష్టపోయేది కొన్నవారే.

జీపీఏతో జాగ్రత్త

యజమాని తరఫున జీపీఏ ఉందంటూ వేరొకరు అమ్మజూపుతుంటారు. కేవలం జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో ఆస్తి హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రిజిస్టరయిన అమ్మకపు దస్తావేజు ఉంటేనే హక్కు. జీపీఏ పట్టుకొచ్చినా యజమాని జీవించి ఉన్నారా, అమ్మడం ఆయనకు ఇష్టమేనా అన్నది స్వయంగా మాట్లాడి తెలుసుకోవాలి.

బయానా ఇచ్చేటప్పుడు నోటిమాట పనికిరాదు. ధర, గడువు, బేరం చెడితే బయానా తిరిగిచ్చే షరతు అగ్రిమెంటులో రాయించాలి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, ఆపై మొత్తాన్ని నగదుగా తీసుకోరాదన్న నిబంధన 2015 నుంచి ఉంది. చెక్కు ద్వారానో, బ్యాంకు ఖాతాలోకో చెల్లిస్తే రేపు లెక్కకు సాక్ష్యమూ ఉంటుంది.

దళారి లేనప్పుడు ఈ విచారణ భారమంతా కొనేవారి మీదే పడుతుంది. కమీషను రూపంలో మిగిలిన దానిలో కొంత ఖర్చుపెట్టి, బయానాకు ముందే కాగితాలన్నీ న్యాయవాదికి చూపిస్తే పొలం అమ్మిన సొమ్ముకు భద్రత ఉంటుంది.