బాట మళ్ళినప్పుడు

మనుషుల అడుగుల వల్ల పుట్టినది కాలిబాట. దానికి ముందుగా గీసిన పటం ఉండదు, కొలతరాళ్ళు ఉండవు. ఒకరు నడిచిన చోటనే మరొకరు నడవగా గడ్డి అణగి, మన్ను గట్టిపడి, కొంతకాలానికి అది బాటగా రూపొందుతుంది. నడిచేవారు కరవైతే కొద్ది వానకాలాలలోనే తుప్పలు దానిని కప్పివేస్తాయి. అందుచేత కాలిబాట ప్రాణం నేల మీద కంటె నడిచేవారి జ్ఞాపకంలోనే ఎక్కువగా ఉంటుంది. అటువంటి బాటలో ఒక భాగాన్ని వేరొక దిక్కుకు మళ్ళించవలసి వచ్చినప్పుడు ఏది పోతుంది? ఏది నిలుస్తుంది? ఏది తప్పక నిలుపుకోవాలి? ఉత్తర తెలంగాణలో ఏటేటా సాగే ఒక సుదీర్ఘ పాదయాత్రను పరిశీలిస్తే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో కేస్లాపూర్ అనే గ్రామం ఉన్నది. గోండులలో మెస్రం వంశీయుల ఆరాధ్యదైవమైన నాగోబా వెలసిన చోటు అదే. పుష్య అమావాస్య రాత్రి అక్కడ మహాపూజ జరుగుతుంది. ఆ పూజకు కావలసిన నీరు ఊరి చెరువులోనిదో, బావిలోనిదో అయితే చాలదు. గోదావరిలోని హస్తినమడుగు నుండే తేవాలి. ఈ మడుగు జన్నారం మండలంలోని కలమడుగు గ్రామ సమీపంలో ఉన్నది. 2016లో జిల్లాల పునర్విభజన జరగక పూర్వం ఆ ప్రాంతం కూడా ఆదిలాబాద్ జిల్లాలోనిదే. నేడు మంచిర్యాల జిల్లాలోనిది. నదికి ఆవలి ఒడ్డు పూర్వపు కరీంనగర్ జిల్లా. కేస్లాపూర్ నుండి మడుగు వరకు సుమారు 70 కిలోమీటర్ల దూరం. రానూ పోనూ ఈ దూరమంతటినీ మెస్రం వంశీయులు కాలినడకననే పూర్తిచేస్తారు.

యాత్రకు ముందు వంశ పెద్దలు సమావేశమై తేదీలను, విడిది చేయవలసిన చోట్లను నిర్ణయిస్తారు. కచ్చురం అనే చిన్న ఎడ్లబండిపై ఊరూరా తిరిగి వంశీయులకు జాతర కబురు చెబుతారు. పూజకు కావలసిన కుండలను సిరికొండలోని కుమ్మరులు తయారుచేస్తారు. అనంతరం తెల్లని వస్త్రాలు ధరించినవారు నీటిని తెచ్చే పవిత్రమైన ఝరితో, చెప్పులు లేని పాదాలతో బయలుదేరుతారు. దారిలోని పల్లెలలో రాత్రులు గడుపుతారు. మడుగు వద్ద పూజలు ముగించి, ఝరిలో నీరు నింపుకొని తిరిగి వస్తారు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవిని కొలిచి, కేస్లాపూర్ చేరి, అక్కడి మర్రిచెట్ల క్రింద విడిది చేస్తారు. ఆ తరువాతనే నాగోబాకు అభిషేకం జరుగుతుంది.

ఈ క్రమాన్ని పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. యాత్రలో నడక ఎంత ముఖ్యమో, ఆగడం కూడా అంత ముఖ్యం. ఆగిన చోట బంధువులు కలుసుకుంటారు. పెద్దలు పిన్నలకు వంశగాథలు వినిపిస్తారు. ఏ వాగును ఎక్కడ దాటాలో, ఏ చెట్టు నీడలో సేదతీరాలో కొత్తతరం నేర్చుకుంటుంది. నీటిని వాహనంలో తెస్తే కొన్ని గంటలలో పని ముగుస్తుంది. కాని ఆ పల్లెలన్నీ ఆ నీటికి పరాయివి అవుతాయి.

అయితే ఏ బాటా శాశ్వతంగా ఒకే గీతపై నిలవదు. వరదకు వాగు ఒడ్డు కోసుకొనిపోతే నడిచేవారు ఎగువకు జరుగుతారు. బీడు భూమి సాగులోకి వస్తే బాట గట్టు వెంబడి మళ్ళుతుంది. జలాశయం నిర్మిస్తే ఊళ్ళతో పాటు వాటిని కలిపిన డొంకలు, బండ్లబాటలు కూడా నీట మునుగుతాయి. గోదావరిపై శ్రీరామసాగర్, ఎల్లంపల్లి వంటి జలాశయాలు ఏర్పడినప్పుడు ముంపు గ్రామాల ప్రజలు ఇండ్లతో పాటు తమకు అలవాటైన దారులను సైతం కోల్పోయారు. ఇంటికి వెల కట్టవచ్చును. పొలానికి వెల కట్టవచ్చును. తాతలనాటి నుండి నడిచిన దారికి వెల కట్టడం ఎవరి తరమూ కాదు.

వాహనాల రోడ్డును మళ్ళించడం వేరు, కాలిబాటను మళ్ళించడం వేరు. పూర్వం హైదరాబాద్ నుండి నాగపూర్ వెళ్ళే జాతీయ రహదారి నిర్మల్ దాటిన తరువాత మహబూబ్ ఘాట్ మలుపుల మీదుగా కొండనెక్కేది. రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించినప్పుడు దానిని వేరొక వైపు నుండి తీసుకొనిపోయారు. దానివలన లారీలకు, బస్సులకు మలుపుల శ్రమ తగ్గింది. వాహనానికి కావలసినది వేగం. కొత్తదారి దానిని ఇచ్చింది. పాదచారికి కావలసినవి నీరు, నీడ, మెత్తని నేల, రాత్రికి ఆశ్రయం. చెప్పులు లేక నడిచేవానికి కంకర పరచిన దారి చూపి, దూరం తగ్గినదని చెబితే అది మేలు కాదు. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగినా, ఆ దారిలో ఒక ఊట, ఒక ఊరు ఉంటే అదే అతనికి దగ్గరిదారి.

ఇతర దేశాల అనుభవం కూడా ఈ విషయాన్ని బలపరుస్తున్నది. అమెరికాలోని అపలేచియన్ బాట సుమారు 3,500 కిలోమీటర్ల పొడవైనది. 1937లో అది పూర్తయినప్పుడు అనేక చోట్ల వాహనాల రోడ్ల వెంబడి, ప్రైవేటు భూముల గుండా సాగేది. 1968లో జాతీయ బాటల చట్టం వచ్చిన తరువాత ప్రభుత్వం భూములు సేకరించి, బాటను క్రమంగా అడవులలోకి, కొండల మీదికి మళ్ళించింది. అక్కడ మళ్ళింపు బాటకు మేలే చేసింది. 2024లో హెలీన్ తుఫాను వరదకు టెన్నెసీ రాష్ట్రంలో ఆ బాటపై ఉన్న వంతెన కొట్టుకొనిపోగా, మరుసటి సంవత్సరం నడిచేవారిని పడవపై నది దాటించారు. ఇంగ్లండులో ప్రజలకు నడిచే హక్కున్న బాటను పొలం యజమాని తన ఇష్టానుసారం మార్చడానికి వీలులేదు. అధికారులు బహిరంగ ప్రకటన చేసి, అభ్యంతరాలు విన్న తరువాతనే మార్పునకు అనుమతి లభిస్తుంది. మన పొరుగున మహారాష్ట్రలో పండరిపురానికి పల్లకీలు సాగే మార్గాలను జాతీయ రహదారులుగా విస్తరించే పనికి 2021లో శంకుస్థాపన జరిగింది. వాహనాల ప్రక్కనే వారకరీల నడకకు ప్రత్యేకమైన బాట ఉండాలన్నది ఆ ప్రణాళికలోని ముఖ్యాంశం.

మెస్రం వంశీయులు నడిచే జన్నారం ప్రాంతం కవ్వాల అడవులకు చెందినది. 1965లో అభయారణ్యంగా ఏర్పడిన కవ్వాల 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది. పులికి నిశ్శబ్దమైన అడవి అవసరం. అడవి బిడ్డలకు తమ దేవుని దారి అవసరం. ఈ రెంటిలో ఒకటే నిలవాలని భావించడం తొందరపాటు. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం వేట మినహా, అడవిలో నివసించేవారు ఆచారంగా అనుభవిస్తున్న ఇతర సాంప్రదాయిక హక్కులను గుర్తించింది. ఆ హక్కులను నిర్ణయించే ప్రక్రియను ఆరంభించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. అందువలన అటువంటి అడవిలో ఒక దారిని మళ్ళించవలసిన అవసరమే కలిగితే, మొదటి మాట కార్యాలయంలోని పటానిది కాదు. ఆ దారిన నడిచినవారిది.

బాటను మళ్ళించేవారు మూడు సంగతులను గుర్తుంచుకోవాలి. మొదటిది, బాట చేరవలసిన గమ్యం మారకూడదు. రెండవది, నీరు, నీడ, విడిది లోపించకూడదు. మూడవది, నడిచేవారితో సంప్రదించక నిర్ణయం జరగకూడదు. ఈ మూడూ నిలిచినప్పుడు బాట కొంత జరిగినా యాత్ర నిలుస్తుంది. ఇవి పోయినప్పుడు పాతగీత చెక్కుచెదరక ఉన్నా దానిపై గడ్డి మొలుస్తుంది.

పుష్యమాసం వచ్చినప్పుడు కేస్లాపూర్ నుండి బయలుదేరే ఆ తెల్లని వస్త్రాల వరుసలో వృద్ధులు ఉంటారు, యువకులు ఉంటారు. ముందువాని అడుగును చూచి వెనుకవాడు అడుగు వేస్తాడు. దారి ఎక్కడ మళ్ళినా, ఆ వరుస తెగనంత కాలం గోదావరి నీరు నాగోబాను చేరుతూనే ఉంటుంది.