యంత్రం మార్చే ముందు అక్షరాల సంగతి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా మరమ్మతులు చెయ్యడం మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆపేసింది. అప్పటినుంచి గూడూరులో మేం నలుగురం సాహిత్య మిత్రులం కలిసినప్పుడల్లా ఒక ప్రశ్న ముందుకొస్తున్నది: విండోస్ 11కు మారాలా, వద్దా? ఇది మెకానిక్కుకు వదిలేసి ఊరుకోదగిన ప్రశ్న కాదు. సంచికలు, కవితా సంకలనాలు, పరిశోధన వ్యాసాలు అన్నీ కంప్యూటరు మీదే తయారవుతున్నప్పుడు, రచయితలూ సాహిత్య విద్యార్థులూ స్వయంగా ఆలోచించి తేల్చుకోవలసిన ప్రశ్న ఇది.

ఈ విషయంలో రెండు వాదనలు వినపడుతున్నాయి. కొత్తది వచ్చాక మారవలసిందే, మారనివాడు వెనకబడిపోతాడన్నది ఒకటి. నడుస్తున్న బండిని ఆపి చక్రాలు మార్చడమెందుకు, ఇదంతా కంపెనీల వ్యాపారమన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. కాని రెండూ యంత్రాన్ని మాత్రమే చూస్తున్నాయి. ఆ యంత్రంలో మనం దాచుకున్న రచనల సంగతి రెండింటికీ పట్టలేదు.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో చెప్పడానికి, గూడూరు, ఎమ్మిగనూరు ప్రాంతపు పాఠకులకు దూరపు పోలికలు అక్కర్లేదు. మగ్గం ఒకటే అయినా జకార్డుకు తగిలించిన అట్టలు మారిస్తే చీర అంచు మీద పువ్వు మారుతుంది. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డు 1804లో స్థిరపరచిన పద్ధతి ఇది. చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నది దీన్ని చూసే. అంటే కంప్యూటరు మగ్గానికి దగ్గరి చుట్టమే. మనం రాసుకున్న ఫైళ్లు అట్టలయితే, ఆ అట్టలకూ మగ్గానికీ మధ్య జకార్డు చేసే పనిలాంటిది ఆపరేటింగ్ సిస్టం చేస్తుంది. పోలికను ఎక్కువ దూరం లాగకూడదు గాని ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. 120 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలు 240 హుక్కుల జకార్డుకు సరిపోవు.

ఇక వాస్తవ పరిస్థితి చూద్దాం. విండోస్ 11 (2021) నడవాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా 2017లో మొదలైన 8వ తరమో, ఆ తర్వాతిదో అయివుండాలి. మా దగ్గరున్న రెండు కంప్యూటర్లూ 2016లో కొన్నవి. రెండూ బాగానే నడుస్తున్నాయి, రెండూ ఈ పరీక్షలో తప్పాయి. కనుక మాలాంటివాళ్లకు ‘మారడం’ అంటే ప్రోగ్రాము మార్చడం కాదు, కొత్త యంత్రం కొనడం. ఎక్స్‌పి 2001లో వచ్చి 2014లో, 7 2009లో వచ్చి 2020లో, 10 2015లో వచ్చి 2025లో మరమ్మతులకు దూరమయ్యాయి. మన పనిముట్టు ఎప్పుడు ముసలిదవుతుందో నిర్ణయించే పంచాంగం మన చేతుల్లో లేదన్నమాట.

అయితే ‘ఇదంతా వ్యాపారం’ అని కొట్టిపారెయ్యడం కూడా తప్పే. మరమ్మతులు ఆగినంత మాత్రాన యంత్రం ఆగదు. కాని కొత్తగా బయటపడే కంతల్ని పూడ్చేవాడు ఉండడు. 2017 మేలో ‘వన్నాక్రై’ అనే ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోకి జొరబడి, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది జొరబడిన కంతకు మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. ఆ మరమ్మతు అందని యంత్రాలే దెబ్బతిన్నాయి. అచ్చుకాని నవల ఒక్క యంత్రంలోనే పెట్టుకొని, దాన్ని ఇంటర్నెట్టుకు తగిలించి కూర్చునే రచయిత ఈ సంగతి మరిచిపోకూడదు. విండోస్ 10 వాడేవారి ఇళ్ల కంప్యూటర్లకు కంపెనీ ఇచ్చిన అదనపు గడువు కూడా 2026 అక్టోబర్ 13 వరకే.

ఇంతవరకూ ప్రపంచంలో అందరికీ ఉన్న సమస్య. ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్నది మరొకటి.

మన చిన్న పత్రికలూ పుస్తకాలూ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు కొత్త కూర్పు లేదు. కొత్త ఆపరేటింగ్ సిస్టంలో అది సవ్యంగా నడుస్తుందన్న హామీ లేదు. అంతకంటె ముఖ్యం, ఆ ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన అంకెల మీద తలకట్టు, గుడి, కొమ్ము, వత్తుల బొమ్మలు అతికించారు. ఫాంటు ఉన్నంతసేపూ తెర మీద తెలుగు కనపడుతుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు గిలుకుడు. ఏ అంకెకు ఏ బొమ్మ అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంది. అందువల్ల ఒకరి ఫాంటులో చేసిన కవిత మరొకరి ఫాంటులో చదవలేము. పి.డి.ఎఫ్. చేసి దాచుకున్నాం గదా అంటే, అందులో పేజీ రూపం నిలుస్తుంది. వెతికినా, తీసి మరోచోట పెట్టినా మళ్లీ గిలుకుడే.

యూనికోడ్ దీనికి భిన్నమైనది. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చిన పద్ధతి ఇది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలున్నాయి. ‘క’ అంటే 3093. ‘క్ష’ రాస్తే క, పొల్లు, ష అని వరసగా 3093, 3149, 3127 నిలుస్తాయి. బొమ్మ ఎలా ఉండాలన్నది ఫాంటు పని, అక్షరం ఏదన్నది రచన పని. ఈ రెంటినీ విడదియ్యడమే ఇందులోని కీలకం. దీన్ని నడిపే సంఘంలోనూ పెద్ద కంపెనీలే ఉన్నాయి, కాదనను. కాని ఆ పట్టిక బహిరంగంగా ఉన్నది. దాన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ ఒక్క కంపెనీ మూతపడినా మన ‘క’ పోదు.

దీనికి అభ్యంతరాలున్నాయి. అచ్చుకు అను అక్షరాల అందం యూనికోడుకు ఎక్కడిదంటారు. ఒకప్పుడు ఈ మాటలో బలముండేది. ఇప్పుడు మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. రెండో అభ్యంతరం మరింత న్యాయమైనది. ఇరవై ఏళ్లుగా ఒక కీబోర్డు మీద చేతివాటం సంపాదించిన డి.టి.పి. పనివాడు రాత్రికి రాత్రి వేళ్లు మార్చుకోలేడు. అతని నైపుణ్యమే అతని కూడు. మార్పు కావాలనేవాళ్లు అతనికి నేర్చుకునే వ్యవధీ, ఆ వ్యవధికి కూలీ ఇవ్వాలి. ఆ ఖర్చు లెక్కలో వెయ్యకుండా అభివృద్ధి గురించి మాట్లాడడం అన్యాయం.

విండోస్ తప్ప గతిలేదన్నది కూడా నిజం కాదు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ మూలం అందరికీ తెరిచి ఉన్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు దాని మీదే పిల్లలకు పాఠాలు చెప్తున్నాయి. తెలుగులో ‘స్వేచ్ఛ’ సంస్థ దాని మెనూలనూ సందేశాలనూ తెలుగు చేసే పని పెట్టుకున్నది. 2016 నాటి యంత్రం మీద లినక్స్ హాయిగా నడుస్తుంది. యూనికోడులో ఉన్న రచన అక్కడ ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంటుంది. కాని పేజ్‌మేకర్ ఫైళ్లను పట్టుకొని లినక్స్‌కు వెళ్లినవాడు అక్కడా ఇరుక్కుంటాడు. చూడండి, ఏ దారిన పోయినా అడ్డంపడుతున్నది ఆపరేటింగ్ సిస్టం కాదు. రచనను ఏ రూపంలో దాచామన్నదే.

కనుక నా నిర్ణయం ఇది. రెండు యంత్రాల్లో ఒకదానికి ఇంటర్నెట్టు తీసేసి, పాత విండోస్, పేజ్‌మేకర్ అలాగే ఉంచుతాం. పాత ఫైళ్లన్నీ యూనికోడులోకి మారేదాకా దాని పని అదే. రెండో దానిలో లినక్స్, లిబ్రె ఆఫీస్ పెట్టి కొత్త రచనలన్నీ యూనికోడులోనే చేస్తాం. కొత్త యంత్రం ఇప్పట్లో కొనం. పాత ఫైళ్లను మార్చే ప్రోగ్రాములున్నాయి గాని సంయుక్తాక్షరాల దగ్గర అవి తడబడతాయి. ప్రతి పేజీకీ మనిషి కన్నుతో ప్రూఫు చూడాలి. మార్చినదాన్ని కనీసం రెండు వేరు వేరు చోట్ల దాచాలి.

ఈ పని ఒంటరి రచయిత వల్ల కాదు. ఒక్కొక్క మగ్గంగా నిలవలేని నేతగాళ్లు ఒకటిగా నిలవడానికే 1938లో మాచాని సోమప్ప పూనికతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. అక్షరాల విషయంలో మనకూ అదే దారి. ఆదోని, ఎమ్మిగనూరు, గూడూరు రచయితలు తమ తమ ఫైళ్లు ఒకచోట చేర్చాలి. సాహిత్య విద్యార్థులు ప్రూఫు పని పంచుకోవాలి. వాళ్లకు అది పాఠపరిష్కరణలో శిక్షణ కూడా అవుతుంది. ఆ పని పూర్తయ్యాక విండోస్ 11 కొంటారా, లినక్స్‌తో సరిపెట్టుకుంటారా అన్నది వారి వారి జేబుకు సంబంధించిన విషయం. పూర్తికాకముందు యంత్రం మార్చితే మాత్రం, ఈ ప్రాంతం ఇరవై ఏళ్లపాటు రాసుకున్న దానిలో ఎంత భాగం గిలుకుడుగా మిగిలిపోతుందో తెలుసుకునే అవకాశం కూడా మనకుండదు.