మడమకు మేలుకొలుపు

రండర్రా, ఇలా చాప మీద కూర్చోండి. ఒరే చిన్నోడా, కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకో. ఒక చేత్తో కాలి వేళ్లన్నీ పట్టుకుని వెనక్కి, పాదం పైవైపుకు వంచు. రెండో చేత్తో అరికాలు మధ్యలో నొక్కి చూడు. లోపల గట్టిగా పట్టీ ఒకటి తగిలిందా? ఇప్పుడు వేళ్లు వదిలెయ్. మెత్తబడిపోయింది చూశావా! నాకైతే ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

మడమ ఎముక దగ్గర పుట్టి వేళ్ల మొదళ్ల దాకా పరుచుకున్న పొర అది. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. నులకమంచానికి కాళ్లవైపు తాడు బిగించి లాగితే కుంగిన నులక పైకి లేస్తుంది కదా, వేళ్లు వెనక్కి వంగినప్పుడల్లా ఈ పొర బిగిసి పాదం వంపును అలాగే పైకి లేపుతుంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు పాదం గట్టిగా నిలబడేది దాని చలవతోనే. 1954లో హిక్స్ అనే ఆయన ఈ కిటుకును వివరంగా రాసిపెట్టాడు.

మీ నాయనమ్మ పొద్దున్నే మంచం దిగి గోడ పట్టుకుని కుంటుతుంది, కాసేపు అటూ ఇటూ తిరిగాక మామూలుగా నడుస్తుంది, గమనించారా? ఏళ్ల తరబడి బరువు మోసీ మోసీ ఆ పొర మడమను అంటిపెట్టుకున్న చోట నలిగిపోయింది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పొర ముడుచుకునే ఉంటుంది. పొద్దున మొదటి అడుగుతో ఒళ్లు బరువంతా ఒక్కసారిగా పడి అది సాగితే ప్రాణం జివ్వుమంటుంది. చాలాసేపు కూర్చుని లేచినా అంతే. నలభై దాటినవాళ్లకీ, బండల మీద రోజంతా నిలబడేవాళ్లకీ, ఒళ్లు చేసినవాళ్లకీ, పిక్కలు బిగుసుకుపోయినవాళ్లకీ ఈ మడమ నొప్పి ఎక్కువ.

ఈ నొప్పికి ఎక్స్‌రే తీయించుకుని "మడమలో ఎముక ముల్లులా పెరిగిందట" అని దిగులుపడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నొప్పి అన్నదే ఎరగని చాలామంది మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుందర్రా!

మరి చేయాల్సిందేమిటి? ఇందాక మీరు చేసిందే! మంచం మీద ఉండగానే వేళ్లు వెనక్కి లాగి పదిదాకా లెక్కపెట్టి వదలడం, అలా పదిసార్లు. రోజుకు మూడు పూటలు. కాలు కింద పెట్టకముందే పొరను మెల్లగా సాగదీస్తే మొదటి అడుగు అంత పొడవదు. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయాలి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి, అరిగిపోయినవి పారేయాలి. సాయంత్రం ఐసు కట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద కాసేపు దొర్లిస్తే హాయిగా ఉంటుంది. అయితే షుగరుండి కాళ్లు మొద్దుబారినవాళ్లు ఐసూ, వేడినీళ్లూ రెండూ పెట్టుకోకూడదు. చర్మం దెబ్బతిన్నా వాళ్లకు తెలియదు.

వారంలో తగ్గే నొప్పి కాదిది, నెలలు పడుతుంది. అయినా ఎక్కువమందికి ఏడాది లోపల, కత్తి పెట్టకుండానే తగ్గిపోతుంది. మడమ వాచినా, తిమ్మిరెక్కినా, జ్వరం తగిలినా, పడుకున్నా నొప్పి వదలకపోయినా, ఎక్కణ్నుంచైనా పడ్డాక మొదలైనా మాత్రం ఇంటి వైద్యంతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకు చూపించాలి.