నేలమీద నిలిచిపోయే ముగ్గు

మా అమ్మ తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కోయంబత్తూరులో పుట్టింది, తమిళ బడిలో చదివింది, ఇంట్లో మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచి తెలుగే. పాల లెక్క తమిళంలో రాసుకుంటుంది, దేవుడికి తెలుగులో మొక్కుకుంటుంది. ఆమె చేతికి వచ్చిన రాతలో వాళ్ళ అవ్వ దగ్గర నుంచి చెక్కుచెదరకుండా దిగినది ఒక్కటే, ముగ్గు. అందుకే, ఆత్తంగుడికి వెళ్ళినవాళ్ళు తమ చేత్తో ఒక టైలు పోసుకోవచ్చని విన్నప్పుడు, దానిమీద ఏం గీయాలా అని నేను ఆలోచించలేదు. ఎవరిని వెంటబెట్టుకుని వెళ్ళాలో ముందే తెలిసిపోయింది.

ఆత్తంగుడి శివగంగ జిల్లాలో కారైకుడి పక్కనున్న చిన్న ఊరు. మదురై నుంచి మేలూరు, తిరుప్పత్తూరు మీదుగా కారైకుడికి దాదాపు 90 కిలోమీటర్లు. కోయంబత్తూరు నుంచి మదురైకే 200 కిలోమీటర్ల పైమాట కాబట్టి రాత్రికి మదురైలో చుట్టాలింట్లో దిగాం. మా వాళ్ళు ఇప్పటికీ ఆ ఊరిని మధుర అనే అంటారు.

ఆ దారంతా తెలుగువాళ్ళు నడిచిన దారే. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టాక, విజయనగరం వెనుక వచ్చిన సైనికులు, రైతులు, వర్తకులు, నేతగాళ్ళు తరాల తరబడి దక్షిణానికి దిగుతూనే ఉన్నారు. నల్లరేగడి కనిపించినచోట ఆగి పత్తి వేసుకున్నారు. ఆ వలస కథను కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామస్థుడు, తెలుగు తల్లిభాషగా గల కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన వలస కథ మనకు తమిళంలో దొరుకుతోంది. పడమట కోయంబత్తూరులో ఆ పత్తి మిల్లులయ్యింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు పెట్టాడు, ఆ తరవాత కలంగల్ గ్రామపు జి.డి. నాయుడు మోటార్ల దాకా వెళ్ళాడు. చేతిపని అంటే ఈ మనుషులకు గౌరవం. మా అమ్మ ఏ పనివాడి దగ్గర నిలబడినా ముందు అతని చేతులు చూస్తుంది, తరవాతే ముఖం.

మదురైలో ఉదయాన్నే తిరుమల నాయకుడి మహలు చూపించాను. 1636లో కట్టిన భవనంలో ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. అయినా ఆ స్తంభాల మధ్య నిలబడితే సున్నం ఎంత పని చేయగలదో తెలుస్తుంది. అమ్మ స్తంభాన్ని అరచేత్తో నిమిరి, “రాయి మాదిరే ఉండాది గదమ్మా, సున్నమంటే నమ్మేటట్టు లేదు” అంది. ఆ మాటతోనే బండెక్కాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆత్తంగుడి టైలు తెలుగువాళ్ళది కాదు. అది చెట్టినాడు నగరత్తార్ల ఇళ్ళకోసం పుట్టింది. బర్మా, మలయా, సిలోన్లలో వడ్డీవ్యాపారం చేసి సంపాదించిన ఆ తమిళ వర్తకులు బర్మా టేకు, ఇటలీ పాలరాయి, జపాన్, యూరప్ టైల్సు ఓడల మీద తెప్పించి వీధి నుంచి వీధికి సాగే ఇళ్ళు కట్టారు. అలా దిగుమతైన టైల్సు చూసి, ఊరి ఇసుకతో మనమే చేసుకోలేమా అనుకున్నవాళ్ళ తెగువ ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోయాక ఆ సంపద కరిగింది, చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయి. టైలు మాత్రం బతికింది. ఊరివాళ్ళు దాన్ని పూలరాయి అనే అర్థమొచ్చే తమిళ పేరుతో పిలుస్తారు.

టైలు అంటే మన కళ్ళముందు మట్టి, బట్టీ, మెరుగు కదులుతాయి. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడల మీది రంగుటైల్సు ఆ జాతివి. మట్టి పలకను కాల్చి, గాజులాంటి పూతను దానిమీద కరిగించినవి. లిస్బన్‌లో యాత్రికులు కూర్చుని బొమ్మలు వేసుకునే అజులేజో టైలూ ఆ కుటుంబమే. అజులేజో అనే మాటే అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ మీరు కుంచెతో వేసిన బొమ్మను వాళ్ళు బట్టీలో కాల్చి తరవాత అప్పగిస్తారు. ఆత్తంగుడిలో నిప్పు లేదు, కుంచె లేదు. సిమెంటు, ఇసుక, రంగుపొడి, నీళ్ళు, ఒక గాజు పలక. అంతే. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో దక్షిణ ఫ్రాన్సులో మొదలై ప్రపంచమంతా పాకిన సిమెంటు టైలుకు ఇది చుట్టమే. వాళ్ళు బరువైన యంత్రంతో అదిమి నునుపు తెచ్చారు. 1922లో బొంబాయిలో స్వదేశీ పట్టుదలతో మొదలైన భారత్ ఫ్లోరింగ్స్‌దీ ఆ బాటే. ఆత్తంగుడివాళ్ళు యంత్రం బదులు గాజును నమ్ముకున్నారు. సిమెంటు ఏ తలం మీద గడ్డకడితే ఆ తలం నునుపును పుచ్చుకుంటుంది. అద్దం మీద పోస్తే అద్దంలా వస్తుంది.

మేం వెళ్ళింది ఊరి చివర ఒక రేకుల షెడ్డు. లోపల నలుగురు పనిచేస్తున్నారు, మాట తక్కువ. ఒకాయన గాజు పలక తుడిచి, చుట్టూ ఇనప చట్రం బిగించి, అందులో సన్నని లోహపు పట్టీలతో చేసిన అచ్చు పెట్టాడు. అచ్చులో పువ్వుకో గది, ఆకుకో గది. పక్కన డబ్బాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. రంగంటే ఆక్సైడు పొడి కలిపిన పలచని సిమెంటు జారు. గరిటెతో ఒక్కో గదిలో ఒక్కో రంగు పోసి, అచ్చును నిటారుగా పైకి లాగాడు. రంగులు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి, కలిసిపోలేదు. ఆపైన పొడి సిమెంటు, ఇసుక చల్లాడు, అది మిగులు తడిని పీల్చుకుంది. దానిపైన సిమెంటు, ఇసుక కలిపిన తడిముద్ద వేసి తాపీతో చదును చేశాడు. ఇంతా చేస్తే మనకు కనిపించేది బూడిదరంగు వీపు. పువ్వు కిందనుంది, గాజుకు ముఖం ఆనించి.

ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఆ తలకిందుల క్రమమే. గోడకు బొమ్మ వేసేవాడు చివర్లో చేసేది ఇక్కడ మొదట చేయాలి. అన్నిటికంటే పైన ఉండాల్సిన గీత అన్నిటికంటే ముందు పోయాలి. కుడి ఎడమవుతుంది. నేను ఓ మూల ‘అ’ రాద్దామనుకున్నాను. మేస్త్రి వినగానే అద్దంలో కనిపించేటట్టు తిప్పి రాయమన్నాడు. కాగితం మీద మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను. అమ్మ ఓదార్చింది. “ముగ్గుకు ఆ బాధ లేదులే. ఎటునుంచి చూసినా ముగ్గే.”

ఆ మాట పూర్తిగా నిజం కాదు, మెలికలు ఒకే వైపు తిరిగే ముగ్గులు బోర్లిస్తే ఎదురు తిరుగుతాయి. అమ్మ ఎంచుకున్నది రెండు వైపులా సమంగా ఉండేది. ఎదురు చుక్కలు, వరసకు ఎనిమిది, ఎనిమిది వరసలు. మొత్తం 64 చుక్కలు. పది అంగుళాల టైలు మీద అన్ని చుక్కలు ఇరికిస్తే గీతకు చోటుండదు. ముగ్గులో గీతంటే వేళ్ళ సందునుంచి జారిన పిండి. ఇక్కడ గీతంటే సిమెంటు, దానికి కొంత వెడల్పు కావాలి. మేస్త్రి ఉపాయం చెప్పాడు. ఆత్తంగుడి నమూనాల్లో చాలావాటికి ఒక్క టైలు పూర్తి బొమ్మ కాదు, నాలుగు కలిస్తేనే పువ్వు. మీ ముగ్గునూ నాలుగు పాళ్ళు చేయండమ్మా, ఒక పాలు చాలు.

ఒక పాలంటే నాలుగు వరసలు, వరసకు నాలుగు చుక్కలు. చుక్కకూ చుక్కకూ రెండున్నర అంగుళాలు. అంచునుంచి మొదటి చుక్కకు అందులో సగం, ఒకటింపావు. అలా ఉంటేనే పక్క టైలు చుక్క సరైన దూరంలో పడుతుంది. గీత అంచును దాటేది కూడా రెండు చుక్కలకు సరిగ్గా నడుమనే. ఇదంతా నేను స్కేలు పెట్టి లెక్కగడుతుంటే అమ్మ గాజు కింద కాగితం పెట్టించి, కళ్ళతోనే చుక్కలు పెట్టేసింది. నా లెక్కా ఆమె చుక్కా కలిశాయి. సొంత నమూనా చేసుకోవాలనుకునే యాత్రికుడికి నేను చెప్పదలచింది ఇదే. టైలును చిత్రపటంలా చూడకండి. దాని నాలుగు అంచులూ ఇంకో టైలుకోసం ఎదురుచూస్తుంటాయి. మధ్యలో ఏమున్నా పరవాలేదు, అంచుల దగ్గర ఏం జరుగుతుందో ముందు తేల్చుకోండి.

కొత్త అచ్చు కావాలంటే పట్టీలు వంచి అతికించే పనివాడికి ముందే నమూనా ఇవ్వాలి. ఒక్క టైలుకోసం అంత ఖర్చు దండగ. వచ్చినవాళ్ళు ఉన్న అచ్చుల్లో ఒకటి ఎంచుకుని తమకు నచ్చిన రంగులు పోస్తారు. అచ్చు లేకుండా గరిటెతో నేరుగా గాజు మీద గీసే పద్ధతీ ఉంది, అది చేయి తిరిగినవాళ్ళు చేసేది. మేస్త్రి అమ్మ చేతివైపు చూసి చిన్న గరిటె అందించాడు.

మొదటిది పాడైంది. తెల్లజారు పలచనై గీత పాకి, చుక్కను మింగేసింది. అమ్మ వేలితో ఒక బొట్టు తీసి రాసి చూసింది. “ఇది రవ్వదోశకు కలిపినట్టుండాది. ఇంకాస్త చిక్కగుండాల.” తమిళంలో మేస్త్రికీ అదే చెప్పింది. ఆయన నవ్వి ఇంకాస్త తెల్లసిమెంటు వేసి కలిపాడు. గాజు తుడిచి మళ్ళీ మొదలు. ఈసారి ఆమె కింద చతికిలబడి, పొద్దున వాకిట్లో వంగినట్టే వంగి, ఊపిరి బిగబట్టి పోసింది. చుక్క చుట్టూ తిరిగి, మెలిక దగ్గర చేయి కాస్త వేగం పెంచి, అంచు దగ్గర ఆపింది. ఆ వేగం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. దాన్నెవరూ నేర్పలేదు, చూసి వచ్చింది. తెల్లగీత కాస్త బిగిశాక, దాన్ని చెదరగొట్టకుండా చుట్టూ ఎర్రజారు నింపింది మేస్త్రే. అది నాతో అయ్యే పని కాదు, అమ్మతోనూ కాదు.

చేసిన టైలు ఆ రోజే చేతికి రాదు. కొన్ని గంటలకోసం వచ్చేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు, నాకు మాత్రం ఇందులోనే పని మర్యాద కనిపిస్తుంది. సిమెంటు ఎండి గట్టిపడదు. నీటితో కలిసి లోలోపల జరిగే మార్పువల్ల గట్టిపడుతుంది. అందుకే ఆరనిచ్చాక నీళ్ళతొట్టిలో కొన్ని రోజులు నానబెట్టి, మళ్ళీ ఎండకు పెడతారు. అప్పుడు గాజు దానంతటదే వదులుతుంది. అప్పటిదాకా ముఖం ఎలా వచ్చిందో చేసినవాడికి కూడా తెలియదు. వానాకాలంలో ఇంకా ఆలస్యం. వెళ్ళేవాళ్ళు పంపించే ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి. టైలు చిన్నదే, బరువు మాత్రం రెండు కిలోల పైనే.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి పెద్దింట్లో, టిక్కెట్టు కొనుక్కుని, ఆ నేలమీద నడిచాం. దశాబ్దాల పాదాలకు అరిగిన చోటే రంగు ఇంకా నిగనిగలాడుతోంది. ఊకతో రుద్ది, కొబ్బరినూనె పట్టిస్తే వచ్చే మెరుపు అది. ఇప్పుడు ఈ నమూనాలనే ఫోటో తీసి యంత్రం టైల్సు మీద అచ్చువేసి అమ్ముతున్నారు. చవక, తేలిక, నెలలో ఇల్లంతా పరిచేయొచ్చు. కొనేవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ అచ్చువేసిన బొమ్మలో వంద టైల్సూ ఒకటే. ఆత్తంగుడి నేలమీద మోకరిల్లి చూస్తే ఒక్కో పువ్వు రేకు అంచు ఒక్కో తీరుగా ఉంటుంది, ఆ రోజు ఆ చేయి అచ్చు ఎత్తిన తీరు అది. ఈ పనివాళ్ళకు కూలి గిట్టాలంటే మనం ఒక టైలు సరదాగా పోసి వస్తే చాలదు. ఒక గది నేలైనా, కనీసం పూజగదైనా, వాళ్ళ చేతుల మీదుగా పరిపించుకోవాలి. మాది పరిపిస్తున్నాం.

ముగ్గు మా ఒక్కరిదేనా అంటే కాదు. మా పక్కింటి తమిళ అవ్వ వేసే చుక్కలూ ఇవే, పేరే కోలం. వందల ఏళ్ళు పక్కపక్కన వాకిళ్ళు చల్లుకున్నాక ఎవరు ఎవరికి నేర్పారో విడదీయడం అనవసరం. ముగ్గు ఇలా నిలిచినా, తమిళనాడులో 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక మా ఇళ్ళలో తెలుగు అక్షరం ఇంకా పలచబడింది. మాట ఉంది, ముగ్గు ఉంది. నేను ఈ లిపి నేర్చుకున్నది పెద్దయ్యాకే, అదీ పట్టుబట్టి.

టైలు మూడో వారంలో వచ్చింది. గోనెపట్టా విప్పితే ఎరుపు మీద తెలుపు, పదహారు చుక్కలు, ఒక గీత కొంచెం లావు. అమ్మ దాన్ని తులసికోట ముందు నేలలో పొదిగించింది. మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే వాకిలి చల్లి ఉంది. టైలు అంచున తెల్లగీత ఆగినచోట పిండి అందుకుని, మిగిలిన మూడు పాళ్ళూ నేలమీద వేసేసి, చేతులు దులుపుకుంటోంది.