మానేసినవాళ్ల మాట

టెరీ హాల్ ఉదయం పూట ఎలా తయారవుతారో అమెరికాలో ఊరూవాడా టీవీలో చూసింది. ముందు కట్టుడు పళ్లు పెట్టుకుంటారు. తర్వాత తలకు విగ్గు. గొంతు మధ్యనున్న రంధ్రంలో మాట పలికించే చిన్న పరికరం అమర్చుకుని, అది కనిపించకుండా స్కార్ఫు చుట్టుకుంటారు. నార్త్ కరోలినాకు చెందిన ఈమెకు పదిహేడేళ్లప్పుడు సిగరెట్ అలవాటైంది. నలభై దాటేసరికి క్యాన్సర్ వల్ల స్వరపేటికే తీసేయాల్సి వచ్చింది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2012 మార్చిలో మొదలుపెట్టిన ఈ పొగాకు వ్యతిరేక ప్రచారంలో నటులెవరూ లేరు. ఒకప్పుడు పొగతాగి దెబ్బతిన్నవాళ్లే తమ సంగతి చెప్పారు. 2013 సెప్టెంబరులో, 53 ఏళ్ల వయసులో హాల్ కన్నుమూశారు. ఈ ప్రకటనలు చూసి 2018 దాకా సుమారు 1.64 కోట్ల మంది మానే ప్రయత్నం చేశారని, దాదాపు 10 లక్షల మంది మానగలిగారని సీడీసీ అంచనా.

మనకూ అలాంటి ముఖం ఒకటి తెలుసు. గుట్కా నమిలి 24 ఏళ్లకే నోటి క్యాన్సర్‌తో పోయిన ముకేష్ హరానేని సినిమాకి ముందు తెరమీద చూడనివాళ్లు తక్కువ. అతణ్ని చూసి కూడా ఇంటర్వెల్లో బయటికెళ్లి దమ్ము కొట్టేవాళ్లున్నారు. భయం వల్ల మానాలనైతే అనిపిస్తుంది. మానిన మూడోరోజు టీ కొట్టు దగ్గర ఏం చేయాలో మాత్రం ఆ భయం చెప్పదు. ఆ మూడోరోజు దాటినవాళ్లు చెప్పగలరు.

నికోటిన్ అందక ఒళ్లు మొరాయించేది ఎక్కువగా మొదటి వారంలోనే. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పనిమీద మనసు నిలవకపోవడం రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. నాలుక పీకడం మాత్రం విడతలు విడతలుగా వస్తుంది, ఒక్కో విడతా కొద్ది నిమిషాలే. కొత్తగా మానినవాడికి అందరూ ‘గట్టిగా అనుకోవాలోయ్’ అంటారు. మానేసిన అన్నయ్యైతే ‘అన్నం తిని చెయ్యి కడుక్కోగానే గుంజుతుంది. నోట్లో సోంపు వేసుకుని ఓ చుట్టు నడిచిరా. ఈ నెల్లాళ్లూ ఆ సిగరెట్ గుంపుతో కిందికి దిగకు. అవసరానికని జేబులో ఒకటి దాచుకోకు’ అంటాడు.

కాఫీ సంగతి కూడా చాలామందికి అనుభవమైతేగానీ తెలియదు. పొగలోని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరత్వరగా కరిగించేస్తుంది. పొగ ఆగిపోయాక, ఎప్పుడూ తాగే కాఫీయే ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. దాంతో గుండె దడ, రాత్రి జాగారం. ఇదంతా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్లీ వెలిగించేవాళ్లుంటారు. కొన్ని వారాలపాటు దగ్గు పెరగడమూ అంతే. ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకోవడం మళ్లీ మొదలుపెట్టాయన్నమాట.

మానడానికి వాడే నికోటిన్ గమ్ముదీ ఇదే కథ. బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, వికారం వస్తాయి. నిదానంగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీగానీ కూల్‌డ్రింకుగానీ తాగితే పావుగంట ఆగాకే గమ్ము వేసుకోవాలి.

అలాగని ఒకరి అనుభవం అందరికీ సరిపోదు. రోజుకి వంద సిగరెట్ల దాకా కాల్చిన బ్రిటిష్ అకౌంటెంట్ అలెన్ కార్ 1983లో మానేసి, ఆ అనుభవాన్నే ఒక పద్ధతిగా మలిచి 1985లో పుస్తకం రాశారు. ఆయన పేరిట నడిచే క్లినిక్‌లలో తర్ఫీదు ఇచ్చేవాళ్లంతా ఒకప్పుడు పొగతాగినవాళ్లే. కార్ పద్ధతిలో నికోటిన్ గమ్ముకు చోటు లేదు. కానీ గమ్ము, ప్యాచ్‌ల వల్ల మానగలిగే అవకాశం పెరుగుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. నిద్రలేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లకు నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు లెక్క. ‘నేను ఒక్కపూటలో మానేశా, నీకేం రోగం?’ అనే మాట వాళ్లకు పనికిరాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గెలిచిన కథకన్నా జారిపడిన కథే ఒక్కోసారి ఎక్కువ ఉపయోగం. మానిన ఆర్నెల్లకు బావమరిది పెళ్లిలో, చేతిలో గ్లాసుండగా, ‘ఒక్కటే కదా’ అని వెలిగించడం చాలామందికి ఎదురయ్యే ఘట్టమే. తర్వాత ఏమైందన్నది అసలు సంగతి. ‘ఇంక అయిపోయింది’ అనుకుని మర్నాడు ప్యాకెట్ కొన్నవాళ్లున్నారు, ఆ ఒక్కదానితో ఆపేసి పాత లెక్కే కొనసాగించినవాళ్లూ ఉన్నారు. ఈ రెండోరకం వాళ్లు ఆ మర్నాడు ఉదయం ఎలా గడిపారో విడమరిచి చెబితే కొత్తవాళ్లకు ఆసరా.

2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పొగతాగేవాళ్లలో 38.5 శాతం మంది అంతకుముందు ఏడాదిలో మానడానికి ప్రయత్నించారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరి సాయమూ లేకుండా తంటాలుపడ్డవాళ్లే. పుస్తకాలు చూసి ఒంటరిగా ప్రయత్నించేవాళ్లకన్నా, గుంపుగా కలిసి మానేవాళ్లు నెగ్గే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. చుట్టుపక్కల అలాంటివాళ్లెవరూ లేకపోతే 1800-11-2356కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్, బీడీ ప్యాకెట్ల మీద ఈ నంబరు అచ్చువేస్తున్నారు. తెలుగులోనూ మాట్లాడతారు. అవతలి కౌన్సెలర్ ఫోన్ చేసినవారితో మాట్లాడి మానే తేదీ ఖాయం చేస్తారు. ఆ తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కుంటారు.