గేటుకు మోటారు బిగించే ముందు

ఇతరుల గృహాలలోకి అనుమతి కోరి, సలాం చెప్పిన తరువాతనే ప్రవేశించాలని దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా (24:27) ఆదేశిస్తోంది. అనుమతి కోరాలన్న నియమం చూపును కట్టడి చేసేందుకేనని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. కనుక మనకు ప్రహరీ గేటు దొంగల భయంతో పెట్టుకునే అడ్డు మాత్రమే కాదు. దానికి మోటారు బిగించదలచినవారు రిమోటు మెరుపు కంటే ముందు గేటునే పరిశీలించాలి.

రెక్కల గేటా, పక్కకు జరిగే గేటా అన్నది స్థలమే నిర్ణయిస్తుంది. రెక్కలు లోపలికే తెరుచుకోవాలి. దారిలోని అడ్డును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని నమ్మే మనం ఇనుప రెక్కను బాటసారుల మీదికి తెరవడం సమంజసమా? వీధిలోకి పొడుచుకువచ్చే ర్యాంపులకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. లోపలి నేల ఎత్తుగా లేస్తుంటే రెక్క నేలకు రాసుకుంటుంది. అప్పుడు జరిగే గేటే మేలు. అయితే 12 అడుగుల గేటు పక్కకు జరగాలంటే గోడ వెంబడి మరో 12 అడుగులకు మించి ఖాళీ ఉండాలి. పట్టాలో చేరే మట్టిని, ముఖ్యంగా వానాకాలంలో, తరచుగా తీయాలి.

పరదా కోసం నిండు షీటు వేయించేవారే మనలో ఎక్కువ. ఆ కోరిక సబబే. కానీ నిండు షీటు గాలిని తెరచాపలా పట్టుకుంటుంది. తుఫానులు వచ్చే తీర ప్రాంతాలలో స్తంభాలు, మోటారు అందుకు తగినంత బలంగా ఉండాలి. పైగా కారు బయటికి వచ్చేటప్పుడు వీధిలో నడిచేవారు కనబడరు. పలకల మధ్య సన్నని సందులు వదిలి, వాటిని ఏటవాలుగా అమర్చితే లోపలి మరుగు చాలావరకు నిలుస్తుంది, గాలీ సాగుతుంది.

అసలు జాగ్రత్త పిల్లల విషయంలో. వందల కిలోల ఇనుము తనంతట తాను కదులుతుంది. పిల్లలకు అది ఆట. దారికి ఇరువైపులా కాంతి సెన్సార్లు, ఏదైనా తగిలితే ఆగి వెనక్కి మళ్లే ఏర్పాటు తప్పక ఉండాలి. ధర తగ్గించుకునేందుకు వీటిని వదిలేసే బేరం వద్దు. జరిగే గేటు పట్టా దాటి పడిపోకుండా రెండు చివరలా బలమైన అడ్డుకట్టలు, నిలువుగా పట్టి ఉంచే గైడు రోలర్లు వేయించాలి. ఇవి లేని గేటు మీద పడితే పిల్లవాడి ప్రాణానికే ముప్పు. మోటారు విడదీసి గేటును చేత్తో నెట్టి చూడండి. బిగుసుకుంటే ముందు వెల్డరును పిలవండి. సరిగా కదలని గేటుకు మోటారు మందు కాదు. మోటారు శక్తి గేటు బరువుకు మించి ఉండాలి. ఎర్తింగు, లీకేజీని పసిగట్టి కరెంటును ఆపే బ్రేకరు అర్హుడైన ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించాలి.

కరెంటు పోయినప్పుడు మోటారును విడదీసే తాళంచెవి ఎక్కడుందో, ఎలా తిప్పాలో ఇంటి పెద్దలకూ స్త్రీలకూ తెలిసి ఉండాలి. ఆ చెవి కారులో కాదు, ఇంట్లో ఉండాలి. బ్యాటరీ ఉంటే మరీ మంచిది. ఫజ్ర్ నమాజుకు మసీదుకు వెళ్లేవారి కోసం పక్కన మనిషి పట్టే చిన్న గేటు విడిగా పెట్టించండి. తెల్లవారుజామున పెద్ద గేటు చప్పుడు పొరుగువారి నిద్రకు భంగమే.

దైవప్రవక్త (స) ఎవరి ఇంటికైనా వెళితే తలుపుకు ఎదురుగా కాక, కుడి లేదా ఎడమ ప్రక్కన నిలిచేవారని అబూదావూద్ గ్రంథంలో ఉంది. కాలింగ్ బెల్లును కూడా గేటు నడిమికి ఎదురుగా కాక, పక్క స్తంభానికి బిగించండి.