ఆట మధ్యలో చిన్న దెబ్బ: ఆడించాలా, కూర్చోబెట్టాలా?



సెలవుల్లో మన పిల్లలు రెండు రకాల ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఒకటి సాయంత్రం ఎండ తగ్గాక స్కూలు గ్రౌండులో. రెండోది మధ్యాహ్నం ఇంట్లో, ఫోను మీదో కంప్యూటరు మీదో. ఈ రెండో ఆటలో పిల్లవాడు బంతి తన్నడు, జట్టుకు మేనేజరుగా ఉంటాడు. ఎవరిని ఆడించాలో, ఎవరిని ఆపాలో నిర్ణయిస్తాడు. 1992లో ఇంగ్లండులో ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన 'చాంపియన్‌షిప్ మేనేజర్' ఇలాంటి ఆటల్లో పేరు పొందినది.

ఆ ఆటల్లో ఒక సంగతి నర్సునైన నన్ను ఆకర్షించింది. మ్యాచ్ మధ్యలో ఆటగాడికి దెబ్బ తగిలితే అతని పేరు పక్కన ఒక గుర్తు పడుతుంది. పెద్ద దెబ్బయితే బయటికి పంపక తప్పదు. చిన్న దెబ్బయితే నిర్ణయం మేనేజరుదే. అతన్ని అలాగే ఉంచితే ఆట మందగిస్తుంది, దెబ్బ ముదిరితే వారాల తరబడి ఆ ఆటగాడు దొరకడు. అందుకే తెలివిగల పిల్లలు వెంటనే అతన్ని మార్చి వేరొకరిని దింపుతారు.

అదే పిల్లవాడు సాయంత్రం గ్రౌండులో కాలు మడతపడితే ఏం చేస్తాడు? "ఏం కాలేదన్నా" అని లేచి కుంటుతూ మళ్లీ పరుగెత్తుతాడు. నిజమైన పిల్లవాడి పక్కన ఏ గుర్తూ పడదు. ఆ గుర్తును చూడవలసింది గట్టున నిలబడిన పెద్దవాళ్లే.

రహీం సాబ్ జట్టు కథ

హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు డిఫెండరు జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండుతో జరిగిన మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. రహీం అతన్ని వెనుక ఆడించకుండా ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ బంగారు పతకం గెలిచింది. రహీం మరుసటి ఏడాదే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇది మనం గర్వపడే కథ. కానీ దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో తల దెబ్బల గురించి ఈనాడు తెలిసినంత తెలియదు. మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలు కూడా చాలా పోటీల్లో ఉండేది కాదు. ప్రపంచ కప్పులో సబ్‌స్టిట్యూట్లను అనుమతించింది 1970లోనే. 1956లో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో బెర్ట్ ట్రౌట్‌మన్ అనే గోల్‌కీపరు మెడకు దెబ్బ తగిలినా చివరిదాకా ఆడాడు. కొన్ని రోజుల తర్వాత ఎక్స్‌రే తీస్తే మెడ ఎముక విరిగి ఉంది! అతడు బతకడమే అదృష్టం. అతని ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు గానీ మన పిల్లవాడికి దాన్ని పాఠంగా చెప్పకూడదు.

ఇప్పుడు నియమాలు మారాయి. దెబ్బ చిన్నదైతే బంతి గీత దాటేదాకా ఆట సాగుతుంది. పెద్దదని తోస్తే రిఫరీ వెంటనే ఆపాలి. రక్తం కారుతున్న ఆటగాడు బయటికి రావాలి, రక్తం ఆగాకే తిరిగి వెళ్లాలి. తల దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న ఆటగాడి స్థానంలో అదనంగా ఒకరిని దింపే పద్ధతిని 2021లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2024 జులై నుంచి నియమాల్లోనే చేర్చారు. అలా బయటికి వచ్చినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడకూడదు.

మొదటి రెండు నిమిషాలు

పిల్లవాడు పడిపోగానే చేయి పట్టి లాగి నిలబెట్టకండి. ముందు మాట్లాడించండి. పేరు, స్కోరు, ఎవరితో ఆడుతున్నామో అడగండి. తర్వాత నొప్పి ఎక్కడో వేలితో చూపమనండి. ఆ భాగాన్ని తానే కదిలించమనండి. కదిలించగలిగితే మెల్లగా లేచి నడవమనండి. నొప్పి లేకుండా నడిచి, పరుగెత్తి, దూకి, పక్కకు తిరగగలిగితేనే మళ్లీ ఆటలోకి పంపండి. వీటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా ఆ రోజుకు ఆట చాలు. "నేను ఆడతాను" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ఆట వేడిలో ఉన్నప్పుడు నొప్పి సరిగా తెలియదు.

మడమ మడతపడితే

మా క్యాజువాలిటీకి సాయంత్రాలు ఎక్కువగా వచ్చే దెబ్బ ఇదే. మన సీమలో గ్రౌండులు గట్టి నేల, గులకరాళ్లు. పిల్లలు చాలామంది ఉత్త కాళ్లతో ఆడతారు. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ దగ్గర ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే అవసరం. ఎదిగే పిల్లల్లో ఎముక చివర పెరిగే భాగం మెత్తగా ఉంటుంది. బెణుకు అనుకున్నది ఆ భాగంలో విరుగుడు కావచ్చు.

బెణుకే అయితే ఆట ఆపి కాలు ఎత్తు మీద పెట్టండి. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ఐసును నేరుగా చర్మానికి తగిలించకండి. ఐసు దొరక్కపోతే కుండ నీళ్లలో తడిపిన గుడ్డ చాలు. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనె మర్దన వద్దు, వాపు పెరుగుతుంది. ఆ తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మెల్లగా నడిపించండి. నెలల తరబడి మంచం మీద ఉంచడం కూడా మంచిది కాదు.

టీవీలో ఆటగాళ్ల కాళ్లకు కొట్టే చల్లటి స్ప్రే గురించి పిల్లలు అడుగుతుంటారు. అది నొప్పిని కాసేపు తెలియకుండా చేస్తుంది గానీ దెబ్బను మాన్పదు. నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌లోకి పంపడం కూడా అలాంటిదే. నొప్పి అనేది శరీరం వేసే గుర్తు. దాన్ని చెరిపేస్తే మనకు తెలిసేదెలా?

పుత్తూరు కట్టు మీద మన సీమ ప్రజలకు ఎంత నమ్మకమో మాకు తెలుసు. ఎవరి దగ్గర కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంట గంటకూ పెరిగినా కట్టు వెంటనే వదులు చేసి ఆసుపత్రికి తీసుకురండి. బిగుతు కట్టు వల్ల కాలికి రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది.

గీసుకుపోవడం, ముక్కు, పన్ను

మోకాలు గీసుకుపోతే కాఫీ పొడి, సున్నం, గాయపాకు పసరు వేసే అలవాటు ఉంది. ముందు చేయవలసింది శుభ్రమైన నీళ్లు ధారగా పోసి మట్టి, రాళ్లు పోయేదాకా కడగడం. తర్వాత శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో గుర్తు తెచ్చుకోండి.

ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు గట్టిగా పట్టుకోండి.

శాశ్వత దంతం ఊడిపడితే వేరు భాగాన్ని ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలలో వేసి, గంటలోపల దంత వైద్యుడి దగ్గరికి వెళ్లండి. తిరిగి నిలబడే అవకాశం ఉంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టనవసరం లేదు.

పిక్కలు పట్టేస్తే

పాదాన్ని మోకాలి వైపు మెల్లగా వంచి పట్టుకోండి. నీడలో కూర్చోబెట్టి మజ్జిగలో ఉప్పు వేసి తాగించండి. కర్నూలు, కడపల్లో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పిల్లవాడి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ, 108కి ఫోన్ చేయండి.

తల దెబ్బకు మినహాయింపు లేదు

తలకు దెబ్బ తగిలి కాసేపైనా స్పృహ తప్పినా, తికమక పడినా, తల తిరిగినా, చూపు మసకబారినా ఆ రోజు ఆట ముగిసినట్టే. ఐదు నిమిషాల్లో బాగయ్యానన్నా పంపకండి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణానికే ప్రమాదం. రెండు రోజులు ఒంటరిగా వదలకండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, చెవి నుంచి నీళ్లు, లేపినా లేవని మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకండి. మెడ నొప్పి అంటే కదిలించకుండా 108 కోసం వేచి ఉండండి. మళ్లీ ఆటకు ఎప్పుడు వెళ్లాలో డాక్టరు చెప్పాలి.

గట్టున ఒక సంచి

మ్యాచ్ పెట్టేవారు ఒక సంచిలో సబ్బు, శుభ్రమైన గుడ్డలు, గాజు కట్లు, క్రేప్ బ్యాండేజీ, కత్తెర, తొడుగులు, రెండు సీసాల నీళ్లు ఉంచుకోండి. ఐసు కోసం థర్మోఫ్లాస్కు చాలు. వీటన్నిటికంటే ముఖ్యం, ఆటలో లేని ఒక పెద్దమనిషికి ఆ బాధ్యత అప్పగించడం. "వీడు ఇక ఆడడు" అని ఆయన అంటే కెప్టెను గానీ తండ్రి గానీ ఎదురు చెప్పకూడదని ముందే అనుకోండి.

ఫోనులో ఓడిపోయిన మ్యాచ్‌ను పిల్లవాడు మళ్లీ మొదలుపెట్టుకోగలడు, కాలు అలా కాదు. అనుమానం వచ్చినప్పుడు కూర్చోబెట్టండి. ఒక సాయంత్రం ఆట పోతుంది, అంతే. వచ్చే వారం వాడే మళ్లీ గోలు కొడతాడు.